ప్రాచీన ఈజిప్టు సంగీతం: వాద్యాలు దొరికాయి, బాణీలు దొరకలేదు

2021 ఏప్రిల్ 3న కైరో నగరంలో 22 మంది ఈజిప్టు రాజులు, రాణుల మమ్మీలను తహ్రీర్ చౌకు దగ్గరి పాత మ్యూజియం నుంచి కొత్త మ్యూజియానికి ఊరేగింపుగా తరలించారు. ఆ వేడుకలో అమీరా సెలీం అనే గాయని ప్రాచీన ఈజిప్టు భాషలో ఐసిస్ దేవతను స్తుతిస్తూ పాడిన పాట ప్రపంచమంతటా వినిపించింది. పాటలోని మాటలు లక్సర్ దగ్గర దేర్ ఎల్-షెల్విత్ అనే చిన్న ఆలయపు గోడల మీద నుంచి తీసుకున్నవి. బాణీ మాత్రం హిషామ్ నజీహ్ అనే నేటి సంగీత దర్శకుడు కట్టినది. ఈ రెండో సంగతి చాలామంది చెవిన పడలేదు. "ఫారోల కాలపు అసలు సంగీతం" అన్న పేరుతో ఆ పాట తునకలు నేటికీ తిరుగుతూనే ఉన్నాయి. 2025 నవంబరులో గీజా పిరమిడ్ల దగ్గర గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం లాంఛనంగా తెరుచుకుని, టుటన్‌ఖామున్ అనే ఫారో (ఈజిప్టు రాజు) సమాధిలోని వస్తువుల మీదికి అందరి చూపూ మళ్లాక, ఆయన బాకాలను ఊదితే యుద్ధం వస్తుందన్న పాత కథ కూడా మళ్లీ ప్రాణం పోసుకుంది.

ఇలాంటి మాటల్లో నిజమెంతో తేల్చుకోవాలంటే రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఈజిప్టు ప్రజల జీవితంలో సంగీతం ఎక్కడ ఉండేది, ఎవరు పాడేవారు, ఏ వాద్యాలు వాయించేవారు అన్నది ఒక ప్రశ్న. ఆ సంగీతం చెవికి ఎలా వినిపించేది అన్నది ఇంకొకటి. మొదటిదానికి ప్రాచీన ప్రపంచంలో మరే దేశానికీ లేనంత సమృద్ధిగా జవాబు ఉంది. రెండోదానికి ఉన్న జవాబు చాలా పలుచన. మొదటి ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని రెండోదానికి అంటగట్టడం వల్లనే గందరగోళమంతా పుడుతోంది.

మూడు రకాల సాక్ష్యాలు, మూడు రకాల లోపాలు

మన దగ్గర ఉన్న ఆధారాలు మూడు తరగతులకు చెందినవి. ఒకటి, సమాధుల్లో దొరికిన వాద్యాలు. ఎడారి ఇసుకలోని పొడిదనం వల్ల కొయ్య, తోలు, రెల్లు వంటి త్వరగా చివికిపోయే పదార్థాలు కూడా వేల ఏళ్లు నిలిచాయి. రెండు, సమాధి గోడల మీది చిత్రాలు, శిల్పాలు. మూడు, రాతలు: పాటల మాటలు, ఉద్యోగుల బిరుదులు, ఉత్తరాలు, ఆలయ శాసనాలు.

వాద్యం దొరికితే దాని కొలతలు తెలుస్తాయి, కానీ దాని తంతులు తెగిపోయి ఉంటాయి, ఊదే రెల్లు పీక పోయి ఉంటుంది. చిత్రంలో వాయించే భంగిమ తెలుస్తుంది. అయితే సమాధి చిత్రకారుడు కచేరీని ఫొటో తీసినట్టు గీయలేదు. చనిపోయిన యజమాని పరలోకంలో అనుభవించవలసిన సుఖాలను ఒక సంప్రదాయం ప్రకారం గీశాడు. అందుకే తంతుల సంఖ్యను చిత్రం చూసి లెక్కపెట్టడం ఎప్పుడూ అనుమానాస్పదమే. రాతలో పాట ఉంటుంది, దాని పైన స్వరం ఉండదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాని లోపాన్ని ఇంకొకదానితో పూడ్చుకుంటూ పండితులు పని చేస్తారు. పూడని చోట వాదాలు మొదలవుతాయి.

విల్లు వీణ, జంట సన్నాయి, పరదేశపు తంతులు

ఈజిప్టు వాద్యాల్లో అన్నిటికంటే ప్రతిష్ఠ గలది హార్ప్. మెట్లు లేకుండా, ఒక్కో స్వరానికి ఒక్కో తంతి చొప్పున ఉండే వాద్యం ఇది. పాత రాజ్య కాలంలోనే, అంటే క్రీ.పూ. 2500 ప్రాంతానికే, విల్లులా వంగిన కాడ, దాని అడుగున తోలు కప్పిన చిన్న డొప్ప ఉన్న రూపం స్థిరపడింది. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాల్లో కనిపించే విల్లు వీణను చూసినవారికి దీని ఆకారం వెంటనే తెలిసిపోతుంది, కాలంలో మాత్రం రెండింటికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం ఉంది. కొత్త రాజ్యం (సుమారు క్రీ.పూ. 1550 నుంచి 1070) నాటికి మనిషి ఎత్తును మించిన హార్ప్‌లు, భుజాన పెట్టుకుని వాయించే చిన్నవి, నేల మీద ఆనించేవి ఇలా ఎన్నో రకాలు వచ్చాయి. మూడవ రామ్‌సెస్ సమాధిలో ఇద్దరు వాద్యకారులు దేవతల ముందు పెద్ద హార్ప్‌లు వాయిస్తున్న చిత్రాలను స్కాట్లండు యాత్రికుడు జేమ్స్ బ్రూస్ 1768లో చూశాడు. ఆయన ప్రచురించిన బొమ్మలు ఐరోపాలో ఎంత సంచలనం కలిగించాయంటే ఆ సమాధికి "హార్ప్ వాద్యకారుల సమాధి" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఊదే వాద్యాల్లో పాత రాజ్యం నాటివి రెండు. ఒకటి దాదాపు మీటరు పొడవుండి ఏటవాలుగా పట్టుకుని ఊదే పిల్లనగ్రోవి. రెండోది రెండు రెల్లు గొట్టాలను పక్కపక్కన కట్టిన జంట పీక, నేటి ఈజిప్టు పల్లెల్లో ఊదే జుమ్మారాకు పోలిక ఉన్నది. కొత్త రాజ్యంలో రెండు గొట్టాలూ చీలి కోణంగా విడిపోయే జంట సన్నాయి విందు చిత్రాల్లో ప్రధానంగా కనిపిస్తుంది. డోళ్లు, కంజీర వంటి చట్రపు డప్పులు, ఏనుగు దంతంతోనో నీటిగుర్రపు దంతంతోనో చేతి ఆకారంలో చెక్కిన చిడతలు, వీటన్నిటికంటే ముందు వట్టి చప్పట్లు, తాళం బాధ్యతను మోసేవి.

తంతి వాద్యాల్లో రెండు ముఖ్యమైనవి ఈజిప్టులో పుట్టలేదు. బెనీ హసన్‌లోని రెండవ ఖ్నుమ్‌హొతెప్ సమాధిలో, సుమారు క్రీ.పూ. 1890 నాటి చిత్రంలో, ఆసియా నుంచి వచ్చిన ఒక బృందం గాడిదలతో నడుస్తూ ఉంటుంది. ఆ వరుసలో ఒక మగవాడు చట్రానికి తంతులు బిగించిన లైర్ అనే వాద్యాన్ని మీటుతున్నాడు. ఈజిప్టు గడ్డ మీద లైర్‌కు తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. పొడుగాటి కాడ ఉండే లూట్ కూడా పశ్చిమాసియా నుంచే వచ్చి, కొత్త రాజ్యం నాటికి ఇంటి వాద్యమైపోయింది. హత్షెప్సుత్ రాణి ఆస్థానంలో చక్రం తిప్పిన సెనెన్‌మూత్ సమాధికి దిగువన 1930లలో జరిగిన తవ్వకాల్లో హర్‌మోసె అనే గాయకుడి సాదాసీదా శవపేటిక బయటపడింది. ఆయన పక్కనే దాదాపు 120 సెంటీమీటర్ల లూట్ ఉంది, దానికి మూడు తంతులు ఇంకా మిగిలి ఉన్నాయి. అంత గొప్ప అధికారి ఆశ్రయంలో బతికిన గాయకుడి సొంత వాద్యం అది. ఈజిప్టు సంగీతానికి సంబంధించిన వస్తువుల్లో ఇంత నేరుగా ఒక మనిషిని గుర్తుకు తెచ్చేవి తక్కువ.

సిస్ట్రమ్: సంగీతమా, పూజా ద్రవ్యమా?

సంగీత వాద్యం అన్న మాటను మనం ఈనాటి అర్థంలో వాడితే సిస్ట్రమ్ అందులో ఇమడదు. ఇది ఒక గిలక. పిడి పైన లాడంలా వంగిన లోహపు చట్రం, దానికి అడ్డంగా వదులుగా దూర్చిన కడ్డీలు, వాటి మీద కొన్నిసార్లు చిన్న బిళ్లలు ఉంటాయి. ఊపితే గలగలమంటుంది. చట్రానికి బదులు చిన్న గుడి ఆకారం ఉండే ఇంకో రూపం కూడా ఉంది. రెండింటిలోనూ పిడికి పైన ఆవు చెవులున్న హాథోర్ దేవత ముఖం చెక్కడం పరిపాటి.

ఈజిప్టు భాషలో దీని పేరు సెషెషెత్ అని పలికేవారని నేటి పండితుల ఊహ. గాలికి పపైరస్ జమ్ము కదిలే సవ్వడినే ఆ పేరు అనుకరిస్తుందని, ఆ జమ్ము పొదల్లోంచి హాథోర్ గోవు రూపంలో వెలువడుతుందన్న నమ్మకానికీ దీనికీ సంబంధం ఉందని వారంటారు. దీని పని రాగం పలకడం కాదు. ఉగ్రరూపం దాల్చిన దేవతను చల్లబరచడం, దేవుడి సాన్నిధ్యాన్ని పిలవడం. అందుకే ఫారో, రాణి, ఆలయ గాయని దేవత ముందు దీన్ని ఊపుతున్న దృశ్యాలు వేలకొద్దీ ఉన్నాయి. దెందెరాలోని హాథోర్ ఆలయంలో ముందరి మంటపపు 24 స్తంభాలు సిస్ట్రమ్ ఆకారంలోనే నిలబెట్టారు. అంటే ఆ మంటపంలోకి అడుగుపెట్టిన భక్తుడు తల ఎత్తితే కనిపించేది రాతిగా మారిన వాద్యాల వరుస. ఐసిస్ ఆరాధనతో పాటు ఈ గిలక రోమను సామ్రాజ్యమంతటా పాకింది. ఇథియోపియా సనాతన క్రైస్తవ చర్చిలో దీని పోలిక ఉన్న వాద్యాన్ని మతగురువులు నేటికీ ఊపుతారు.

సిస్ట్రమ్‌ను "తాళ వాద్యం" అని మ్యూజియం పలకల మీద రాయడం తప్పు కాదు గానీ, ఆ మాట సగమే చెబుతుందని నా అభిప్రాయం. గుడిగంటను లోహ వాద్యాల జాబితాలో వేస్తే ఎంత తెలుస్తుందో దీని గురించీ అంతే తెలుస్తుంది.

టుటన్‌ఖామున్ బాకాలు, యుద్ధం కథ

1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటన్‌ఖామున్ సమాధిలో రెండు బాకాలు దొరికాయి. ఒకటి వెండిది, సుమారు 58 సెంటీమీటర్ల పొడవు. రెండోది రాగి మిశ్రమంతో చేసినది, సుమారు 50 సెంటీమీటర్లు. వెండి బాకా రాజు పార్థివదేహం ఉన్న గదిలో ఒక మూల, రెల్లుతో చుట్టి ఉంది. రెండోది ముందు గదిలోని ఒక పొడుగాటి పెట్టెలో ఉంది. రెండింటి లోపలా రంగులు వేసిన కొయ్య అచ్చులు దూర్చి ఉన్నాయి. పలుచటి లోహపు రేకు సొట్టలు పడకుండా ఉండడానికి వాటిని వాడేవారు. ఇతర చిత్రాల్లో బాకా ఊదే సైనికుడు ఆ కొయ్య అచ్చును చంకలో ఇరికించుకుని కనిపిస్తాడు. వెండి బాకా ముఖం తామర పువ్వులా విచ్చుకుని ఉండి, దాని మీద రా, అమూన్, ప్తా దేవుళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. సైన్యంలోని దళాలకు ఈ దేవుళ్ల పేర్లే ఉండేవి కాబట్టి ఇవి సైనిక బాకాలన్న నిర్ణయానికి బలమైన ఆధారం ఉంది.

1939 ఏప్రిల్ 16న బీబీసీ రేడియో కైరో మ్యూజియం నుంచి ఈ రెండింటి ధ్వనినీ ప్రసారం చేసింది. జేమ్స్ టాపర్న్ అనే బ్రిటిష్ సైనిక వాద్యకారుడు ఊదాడు. ఆ రికార్డు ఇప్పటికీ వినవచ్చు. మూడు వేల మూడు వందల ఏళ్ల తర్వాత అదే లోహం మళ్లీ కంపించిందన్న మాట నిజమే. అయితే ఆయన ఊదింది నేటి బాకాకు వాడే నోటి ముక్కను తగిలించి. పాత బాకాకు అలాంటి ముక్క లేదు, గొట్టపు అంచే నేరుగా పెదవులకు ఆనుతుంది. పైగా ఆయన ఊదిన స్వరాల వరుస ఆధునిక సైనిక బాణీ.

ఇక్కడ కొంచెం భౌతిక శాస్త్రం అవసరం. మీటలు లేని గొట్టం కోరిన ప్రతి స్వరాన్నీ పలకలేదు. దాని పొడవును బట్టి ఒక మూల స్వరం, ఆ పైన దానికి రెండు రెట్లు, మూడు రెట్లు కంపన సంఖ్య ఉన్న స్వరాలు మాత్రమే పలుకుతాయి. అర మీటరు పొడవున్న గొట్టంలో కింది స్వరం బలహీనంగా వస్తుంది. మధ్యది స్పష్టంగా, గట్టిగా మోగుతుంది. పైదానికి పెదవుల మీద విపరీతమైన ఒత్తిడి కావాలి. వాద్యాల చరిత్రకారుడు జెరెమీ మాంటగ్యూ 1970లలో ఒక బాకాను స్వయంగా పరిశీలించి ఇదే నిర్ధారణకు వచ్చారు. కనుక ఈజిప్టు సైనికుడు దీని మీద రాగం వాయించి ఉండడు. ఒకే స్వరాన్ని కురచగా, పొడుగ్గా, ఆపి ఆపి ఊదుతూ "నడవండి", "ఆగండి" వంటి సంజ్ఞలు ఇచ్చి ఉంటాడన్న వివరణ సహజంగా కుదురుతుంది.

మరి యుద్ధం సంగతి? 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 2011 జనవరిలో ఈజిప్టు విప్లవం వచ్చింది, అంతకు కొద్ది రోజుల ముందు ఎవరో బాకా ఊదారని చెబుతారు. ఈ రెండూ కలిపి కథ అల్లారు. కానీ హిట్లర్ సేనలు ప్రాగ్ నగరంలో ప్రవేశించింది 1939 మార్చి 15న, అంటే రేడియో ప్రసారానికి నెల ముందే. ఐరోపా అప్పటికే యుద్ధం అంచున ఉంది. 2011లో వాస్తవంగా జరిగింది వేరు. జనవరి 28 రాత్రి మ్యూజియంలో దొంగలు పడి రాగి మిశ్రమపు బాకాను ఎత్తుకుపోయారు, కొన్ని వారాల తర్వాత అది దొరికింది.

పాడినవారెవరు?

"ఆస్థాన నర్తకీమణులు" అన్న సినిమా ఊహకూ ఆధారాలకూ మధ్య చాలా దూరం. పాత రాజ్యం నాటి ఖుఫూ-ఆంఖ్ అనే ఆయన గీజాలో సమాధి కట్టించుకునే స్థాయికి ఎదిగిన పిల్లనగ్రోవి విద్వాంసుడు, రాజభవన గాయకులపై అధికారి. సక్కారాలో దొరికిన ఒక రాతి తలుపు మీద ఇతి అనే గాయని, హెకెను అనే హార్ప్ వాద్యకారిణి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. వారి పేర్లు పక్కనే చెక్కి ఉన్నాయి. నాలుగు వేల మూడు వందల ఏళ్ల కిందటి ఇద్దరు స్త్రీ కళాకారుల పేర్లు మనకు తెలియడం చిన్న విషయం కాదు.

పాత రాజ్యపు శాసనాల్లో ఖెనెర్ అనే బృందం తరచూ కనిపిస్తుంది. పాత తరం పండితులు దీన్ని అంతఃపురం అని అర్థం చేసుకుని, అందులోని స్త్రీలను రాజు భోగస్త్రీలుగా జమకట్టారు. 1980ల నుంచి ఈ అభిప్రాయం మారింది. ఖెనెర్‌ను నడిపించే అధికారుల్లో స్త్రీలూ ఉన్నారు, ఆలయాలకూ అంత్యక్రియలకూ ప్రత్యేక బృందాలు ఉన్నాయి, సభ్యుల్లో పురుషులూ కనిపిస్తారు. కనుక అది పాట, ఆట తెలిసిన వృత్తి బృందమన్న మాటకే ఇప్పుడు ఎక్కువ మొగ్గు.

కొత్త రాజ్యం నుంచి "అమూన్ దేవుని గాయని" అనే బిరుదు వందలాది కులీన స్త్రీల పేర్ల ముందు కనిపిస్తుంది. ఇది పూర్తికాలపు ఉద్యోగమా, గౌరవ పదవా అన్నది తేలని ప్రశ్న. బిరుదు ఉన్నవారి సంఖ్యను చూస్తే అందరూ రోజూ గుడిలో పాడి ఉంటారనుకోవడం కష్టం. అలాగని ఉత్త అలంకారం అనీ కొట్టిపారేయలేం. షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న మెరెసామూన్ మమ్మీ సుమారు క్రీ.పూ. 800 నాటిది. ఆమె బిరుదు ప్రకారం ఆలయపు లోపలి భాగంలో పాడే గాయని. శవపేటికను తెరవకుండానే సీటీ స్కాన్ తీసి, ఆమె దాదాపు 30 ఏళ్ల వయసులో చనిపోయిందని గుర్తించారు. 2012 జనవరిలో బాసెల్ విశ్వవిద్యాలయ బృందం రాజుల లోయలోని ఒక పాత సమాధిలో నెహ్‌మెస్ బాస్తెత్ అనే మరో అమూన్ గాయని శవపేటికను చెక్కు చెదరకుండా కనుగొంది. తరాల ముందు రాజవంశానికి తవ్విన చోట ఒక గాయనికి చోటు దక్కింది.

గుడికి, రాజభవనానికి బయట కూడా పాట ఉంది. పల్లకీ మోసే బోయీలు "పల్లకీ ఖాళీగా ఉన్నప్పటికంటే నిండుగా ఉంటేనే బాగుంటుంది" అని పాడుతున్నట్టు పాత రాజ్యపు సమాధుల్లో రాసి ఉంది. ఆ మాట బోయీల నోట్లో పెట్టింది పల్లకీలో కూర్చున్నాయనే అని అనుమానించేవారు లేకపోలేదు. కోతల దృశ్యాల్లో కొడవళ్ల వరుస పక్కన ఒకడు పిల్లనగ్రోవి ఊదుతూ నిలబడతాడు. బ్రిటిష్ మ్యూజియంలోని నెబామున్ సమాధి చిత్రంలో విందు పాట జరుగుతోంది. నలుగురు స్త్రీలు నేల మీద కూర్చున్నారు, ఒకామె జంట సన్నాయి ఊదుతోంది, మిగతావారు చప్పట్లు కొడుతున్నారు, ఇద్దరి ముఖాలు ఈజిప్టు చిత్రకళలో అరుదుగా చూసే రీతిలో నేరుగా మనవైపు తిరిగి ఉన్నాయి. పైన పాట మాటలు: కాలువలు కొత్త నీటితో నిండాయి, నేల దేవుడి ప్రేమతో నిండిపోయింది.

సంగీతానికి ఇంత మన్నన ఉన్నా సంగీతకారుడికి అంతటా ఒకే మన్నన లేదు. లేఖకుల పాఠశాలల్లో నకలు రాయించిన ఒక పాఠంలో, చదువు మానేసి బీరు తాగుతూ, పీక ఊదుతూ, లైర్ మీటుతూ వీధులు తిరుగుతున్న శిష్యుణ్ణి గురువు చీవాట్లు పెడతాడు. టురిన్ నగరంలోని ఒక పపైరస్ చుట్టలో గాడిద హార్ప్, సింహం లైర్, మొసలి లూట్, కోతి జంట సన్నాయి పట్టుకుని కచేరీ చేస్తున్న వ్యంగ్య చిత్రం ఉంది. ఇంకోవైపు, క్రీ.పూ. 1075 ప్రాంతపు కథనంలో లెబనాన్ తీరంలోని బిబ్లోస్ నగర పాలకుడు తన ఊళ్లో చిక్కుకుని కుమిలిపోతున్న ఈజిప్టు అధికారి వెనామున్‌ను ఓదార్చడానికి మద్యం, మాంసం, వాటితో పాటు తన దగ్గరున్న ఈజిప్టు గాయనిని పంపుతాడు. "అతని మనసు దిగులు పడకుండా పాడు" అన్నది ఆమెకు ఇచ్చిన ఆజ్ఞ.

హార్ప్ వాయించేవారు నిజంగా అంధులా?

చాలా చిత్రాల్లో హార్ప్ వాద్యకారుడి కన్ను ఒక గీతలా మూసి ఉంటుంది. దీని మీద మూడు అభిప్రాయాలు ఉన్నాయి. చూపులేనివారికి సంగీతం ఒక బతుకుతెరువుగా ఉండేదని మొదటి వాదం. ఈజిప్టు క్రైస్తవుల కోప్తిక్ చర్చిలో పాటల గురువులు తరచూ అంధులే కావడం దీనికి బలం చేకూరుస్తుంది. దేవుణ్ణి కళ్లారా చూడరాదన్న భక్తికి ఇది చిహ్నమని రెండో వాదం. అఖెనాతెన్ అనే ఫారో కాలపు శిల్పాల్లో గాయకులు కళ్లకు గంతలు కట్టుకుని పాడడాన్ని దీనికి తోడుగా చూపుతారు. ఇది కేవలం చిత్రకారుల అలవాటని మూడోది.

సక్కారాలోని రాయియా సమాధి ఈ చర్చకు మంచి పరీక్ష. ఆయన ప్తా దేవుని గాయకులకు నాయకుడు. దేవుడి ముందు హార్ప్ వాయిస్తున్నప్పుడు ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. అదే సమాధిలో మిగతా చోట్ల మామూలుగా తెరిచి ఉన్నాయి. ఈ ఒక్కడి విషయంలోనైనా అంధత్వం వాయించే సందర్భానికి చెందినదే తప్ప శరీరానికి చెందినది కాదని చెప్పక తప్పదు. అయితే ఒక్క రాయియాను చూసి అందరికీ అదే వర్తిస్తుందనడం తొందరపాటు.

బాణీ ఎందుకు దొరకలేదు?

ఇంత రాసిన జాతి స్వరాలను రాయలేదా? ఫారోల కాలానికి చెందినదని అందరూ అంగీకరించే స్వరలిపి ఒక్కటీ లేదు. అది కాలగర్భంలో కలిసిపోయిందనే జవాబు అంతగా నిలవదు. చాకలి పద్దుల నుంచి ప్రేమగీతాల దాకా కాపాడిన ఇసుక స్వరలిపిని మాత్రమే పోగొట్టుకుందని ఎలా అనుకోగలం? పైగా అదే ఇసుక క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి జెనోన్ దస్తావేజుల్లోని స్వరాలున్న ముక్కను, క్రీ.శ. 3వ శతాబ్దం చివరిదైన, ఆక్సిరింకస్ అనే ఈజిప్టు పట్టణంలో దొరికిన క్రైస్తవ స్తోత్రాన్ని భద్రంగా అందించింది. కానీ ఆ రెండింటిలో ఉన్నది గ్రీకు స్వరలిపి, గ్రీకు పాట. కనుక ఈజిప్టువారు సంగీతాన్ని గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి అందించుకున్నారనే అనుకోవాలి.

దీనికి భిన్నమైన మాట చెప్పినవారు జర్మన్ సంగీత పండితుడు హాన్స్ హిక్‌మాన్ (1908–1968). పాత రాజ్యపు చిత్రాల్లో హార్ప్ వాద్యకారుడికి ఎదురుగా కూర్చున్న గాయకుడు ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేయి చాచి, వేళ్లతో ముద్ర పడతాడు. ఈ ముద్రలు నిర్దిష్టమైన స్వరాలకు సంకేతాలని, ఒకటి ఆధార స్వరానికి, ఇంకొకటి దాని పంచమానికి గుర్తని ఆయన ప్రతిపాదించారు. ఇలాంటిది అసాధ్యమేమీ కాదు, సామవేద గానంలో వేళ్ల కదలికలు స్వరాలను సూచించడం మనకు తెలిసినదే. విమర్శకుల అభ్యంతరం వేరే చోట ఉంది. ఒకే ముద్ర ఎదుట వాద్యకారుల వేళ్లు వేర్వేరు తంతుల మీద ఉంటాయి, ముద్ర స్వరానికి కాక తాళానికో, భావానికో గుర్తు కావచ్చు, చిత్రకారుడు తంతిని అంత జాగ్రత్తగా గీశాడన్న హామీ లేదు. సంజ్ఞలతో పాటను నడిపించేవారన్నంత వరకు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ సంజ్ఞలను చదివి పాటను తిరిగి కట్టగలమన్న మాటను ఒప్పుకునేవారు కొద్దిమంది.

వాద్యాన్ని కొలిచి స్వరాలు రాబట్టలేమా అన్నది తర్వాతి ప్రశ్న. ఏడు తంతుల లైర్ ఒకటి దొరికిందనుకుందాం. వాటిని స రి గ మ ప ద ని అని శంకరాభరణంలో శ్రుతి చేస్తే ఒక స్థాయి నిండుతుంది. అవే ఏడు తంతులను స రి గ ప ద, ఆ పైన తారస్థాయి స రి అని మోహనలో శ్రుతి చేస్తే స్థాయి దాటిపోతుంది. కొయ్య, తంతులు, కొలతలు అన్నీ అవే. బిగింపు ఒక్కటే మారింది, ఆ బిగింపు మూడు వేల ఏళ్ల కిందటే సడలిపోయింది. రంధ్రాలున్న పిల్లనగ్రోవి కొంత మెరుగు, ఎందుకంటే రంధ్రాల దూరాలు మారవు. అయినా ఊదే కోణం, ఊపిరి బలం, రంధ్రాన్ని సగం మూయడం స్వరాన్ని మారుస్తాయి. పీక ఉండే వాద్యాల్లో ఆ రెల్లు ముక్కే పోయింది కాబట్టి అవి ఇంకా కష్టం. నమూనా వాద్యాలు చేసి వాయించే నేటి కళాకారుల కృషిని తక్కువ చేయనవసరం లేదు. వారు మనకు వినిపించేది వాద్యపు గొంతు. దాని మీద పలికే రాగం వారిది.

గ్రీకులు ఏమన్నారు?

బయటి సాక్షులుగా గ్రీకులను పిలుస్తుంటారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ బుబాస్తిస్ అనే ఈజిప్టు నగరపు జాతరను వర్ణిస్తూ, పడవల్లో స్త్రీలు చిడతలు వాయించడాన్ని, పురుషులు పీకలు ఊదడాన్ని, మిగిలినవారు చప్పట్లు కొడుతూ పాడడాన్ని చెప్పాడు. జాతరకు 7 లక్షల మంది వస్తారన్న స్థానికుల లెక్కను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. ప్లేటో తన చివరి గ్రంథం "చట్టాలు"లో ఈజిప్టువారు పదివేల ఏళ్లుగా బాణీలను మార్చకుండా కాపాడుకున్నారని మెచ్చుకున్నాడు. క్రీ.పూ. 1వ శతాబ్దపు డయొడోరస్ అయితే, సంగీతం మగవారిని మెత్తబరుస్తుందని ఈజిప్టువారు దాన్ని నేర్పేవారే కాదన్నాడు. ఈ చివరి రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు, సమాధి గోడలతోనూ పొసగవు. లైర్, లూట్, జంట సన్నాయి బయటి నుంచి వచ్చి స్థిరపడిన దేశంలో సంగీతం మారలేదనడం కుదరదు. ప్లేటో అక్కడ తన ఆదర్శ రాజ్యానికి ఉదాహరణ వెతుక్కుంటున్నాడు, ఈజిప్టు చరిత్ర రాయడం లేదు. ఆలయ స్తోత్రాలు విందు పాటల కంటే నెమ్మదిగా మారి ఉంటాయన్నంత వరకు ఆయన మాటకు విలువ ఇవ్వవచ్చు.

కోప్తిక్ గానంలో ఆ స్వరాలు బతికి ఉన్నాయా?

ప్రాచీన ఈజిప్టు భాషకు చివరి రూపమైన కోప్తిక్ నేటికీ అక్కడి చర్చి ప్రార్థనల్లో వినిపిస్తుంది. భాష బతికినప్పుడు బాణీ కూడా బతికి ఉంటుందన్న వాదం అందుకే ఆకర్షిస్తుంది. ఈ పక్షం వారు చూపే సాక్ష్యాల్లో ముఖ్యమైనది డెమెట్రియస్ పేరుతో ఉన్న ఒక గ్రీకు అలంకార గ్రంథంలోని వాక్యం: ఈజిప్టు పూజారులు దేవతలను స్తుతిస్తూ ఏడు అచ్చులను వరుసగా పాడతారు, వాద్యాలకు బదులు ఆ అక్షరాల ధ్వనే వింటారు. కోప్తిక్ గాయకులు ఒక్క అచ్చును నిమిషాల తరబడి గమకాలతో సాగదీసి పాడతారు కాబట్టి ఈ పోలిక ఉత్త ఊహ కాదు.

ఎదుటి పక్షం అడిగేది ఆ గొలుసు మధ్యలోని లంకెల గురించి. కోప్తిక్ స్తోత్రాలు గ్రీకు, సిరియా చర్చిల ప్రభావాన్ని, ఆ తర్వాత శతాబ్దాల అరబ్బు వాతావరణాన్ని దాటి వచ్చాయి. చర్చిలో వాయించే తాళాలు కూడా ఫారోల తొలి యుగాలకు చెందినవి కావు, గ్రీకు, రోమను పాలనల నాటికి గానీ ఈజిప్టులో అవి స్పష్టంగా కనిపించవు. ఈ గానాన్ని పెద్ద ఎత్తున స్వరలిపిలోకి ఎక్కించే పని 1920ల చివరలో రాఘెబ్ మొఫ్తా అనే ఈజిప్టు పండితుడు, ఎర్నెస్ట్ న్యూలాండ్‌స్మిత్ అనే ఇంగ్లిషు సంగీతకారుడు చేపట్టినప్పుడే మొదలైంది. ఏళ్ల తరబడి విని వారు నింపిన సంపుటాలు ఆనాటి గురువుల గొంతుకు పక్కా సాక్ష్యం. అక్కడి నుంచి వెనక్కి ఫారోల ఆలయాల దాకా ఉన్న పదిహేను శతాబ్దాలకు పైబడిన కాలంలో రాసి పెట్టిన స్వరం లేదు కాబట్టి, ఈ వాదాన్ని సంగీత చరిత్రకారులు సంభావ్యత కిందే ఉంచుతారు, రుజువు కింద లెక్కించరు.